మూడో ఎనిమిది గంటలకు ఒక గది

సంగారెడ్డి జిల్లా కలెక్టరు గారికి, జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్షుల వారికి బహిరంగ లేఖ



పోతిరెడ్డిపల్లి చౌరస్తా నుంచి పటాన్‌చెరు దాకా 65వ నంబరు జాతీయ రహదారికి ఇరువైపులా పరచుకున్న పారిశ్రామిక ప్రాంతంలో, బీహారు, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల నుంచి వచ్చి కిరాయి గదుల్లో బతుకు వెళ్లదీస్తున్న శ్రామికుల తీరిక వేళల గురించి ఈ లేఖ. వారి కూలి రేట్ల గురించి, ప్రాణభద్రత గురించి, గుత్తేదారుల లెక్కల గురించి అడపాదడపా అయినా చర్చ జరుగుతున్నది గాని, పని ముగిసిన తరువాత వారు ఏమి చేస్తారు, ఏమి చేయాలని ఉండి చేయలేకపోతున్నారు అన్న ప్రశ్న ఎక్కడా వినబడదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల సంస్థ, నిధి, చరిత్ర మూడూ ఈ జిల్లాకు ఇప్పటికే ఉన్నాయని తమ దృష్టికి తేవడం ఈ లేఖ ఉద్దేశం.

ముందుగా రెండు మాటల సంగతి. సొంత ఊరు విడిచి పరాయి నేల మీద నివసించే వ్యక్తిని ‘ప్రవాసి’ అంటారు. ‘వాసం’ అంటే నివసించడం, దానికి ‘ప్ర’ అన్న ఉపసర్గ చేరితే ఇంటికి దూరంగా నివసించడం అని అర్థం. వ్యుత్పత్తి ప్రకారం చూస్తే డాలస్‌లో ఇల్లు కొనుక్కున్న తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీరూ, పాశమైలారంలో బాయిలర్ దగ్గర నిలబడే బీహారు సారణ్ జిల్లా యువకుడూ ఒకే పదం కిందికి రావాలి. వాడుకలో అలా జరగడం లేదు. ప్రవాసి అనగానే 1977లో పుట్టిన తానా వంటి సంఘాలు, మహాసభలు, సావనీర్లు, పిల్లల నాట్య ప్రదర్శనలు, వారాంతపు విహారాలు గుర్తుకు వస్తాయి. వలస కూలీ అనగానే భుజాన సంచి, జనరల్ బోగీ, ముఠా మేస్త్రీ గుర్తుకు వస్తారు. పేరులోనే కూలి ఉన్న మనిషికి కూలి వేళ దాటాక కూడా ఒక జీవితం ఉంటుందన్న సంగతి ఆ పేరు పలికేవారికి తట్టదు. అందుచేత ఈ లేఖ ఇక మీదట వారిని ప్రవాసులనే పిలుస్తుంది.

ప్రవాసికి సాయంత్రం ఎంత అవసరమో ఈ ప్రాంతానికి తెలియని విషయమేమీ కాదు. 1972లో పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ, అంటే అందరూ ఇక్రిశాట్ అని పిలిచే సంస్థ, నెలకొన్నప్పుడు జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద పరిశోధన కోసం అనేక దేశాల శాస్త్రవేత్తలు కుటుంబాలతో సహా తరలివచ్చారు. వారి పిల్లల చదువు కోసం ఆ ఏడాదే ఒక అంతర్జాతీయ పాఠశాల మొదలైంది. సుమారు 1,400 హెక్టార్ల ప్రాంగణంలో నివాసాలు, ఆటస్థలాలు ఏర్పడ్డాయి. అక్కడి నీటి మడుగులు, చెట్లు నేటికీ పక్షుల పరిశీలకులకు ప్రీతిపాత్రమైన చోట్లు. ఫిలిప్పీన్స్‌కు చెందిన విలియం డార్ 2000 నుంచి 2014 వరకు ఆ సంస్థకు డైరెక్టర్ జనరల్‌గా ఉన్నారు. అన్నేళ్లు ఒక మనిషి పరాయి దేశంలో నిలదొక్కుకుని పనిచేయాలంటే ప్రయోగశాల ఒక్కటే చాలదని, ఇల్లాలికి తోడు, పిల్లలకు ఆట, సాయంత్రానికి ఒక వ్యాపకం ఉండాలని ఆ సంస్థను కట్టినవారు గుర్తించారు. వారు చేసినది సరైన పని. అదే ఎరుక రామచంద్రాపురంలోని భెల్ టౌన్‌షిప్పులోను, ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారం నివాసాలలోను కొంత తక్కువ స్థాయిలోనైనా కనబడుతుంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన ఉద్యోగులు దుర్గాపూజ, ఓణం, సంక్రాంతి ఒకే మైదానంలో జరుపుకునే సంస్కృతి అటువంటి టౌన్‌షిప్పులలో పెరిగింది.

ఆ తరువాత వచ్చిన పరిశ్రమలు టౌన్‌షిప్పులు కట్టలేదు. కాంట్రాక్టు పద్ధతి స్థిరపడిన కొద్దీ యజమాని బాధ్యత ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయింది. గేటు అవతల గది వెతుక్కోవడం, నీళ్లు వెతుక్కోవడం, మనుషులను వెతుక్కోవడం కార్మికుడి సొంత పని అయింది. ఇస్నాపూర్, రుద్రారం, కంది, పోతిరెడ్డిపల్లి వంటి ఊళ్లలో ఒకప్పటి పొలం గట్ల మీద రేకుల కప్పుతో, ఒకే వసారాకు తెరుచుకునే తలుపులతో వరుస గదులు లేచాయి. ఒక గదిలో నలుగురైదుగురు ఉంటారు. పగలు షిఫ్టువారు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువారు పడుకుంటారు. అటువంటి గదిలో నిద్రకు చోటుంది, వంటకు ఒక మూల ఉంది. మూడో దేనికీ చోటు లేదు.

ఆ మూడోదాని గురించి ప్రపంచ కార్మికోద్యమం రెండు శతాబ్దాల కిందటే మాట్లాడింది. రోజును మూడు సమభాగాలు చేసి, ఎనిమిది గంటలు పనికి, ఎనిమిది గంటలు నిద్రకు, ఎనిమిది గంటలు మనిషి తన ఇష్టానికి అన్న సూత్రాన్ని 1817 ప్రాంతంలో రాబర్ట్ ఓవెన్ ప్రచారంలోకి తెచ్చాడు. 1886లో చికాగో కార్మికులు రోడ్డెక్కినది ఆ విభజన కోసమే. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలకు మించి పని ఉండరాదని, వారంలో ఒక రోజు సెలవు ఉండాలని నిర్దేశించింది; 250 మందికి పైగా కార్మికులున్న చోట క్యాంటీను, 150 మందికి పైగా ఉన్న చోట విశ్రాంతి గది ఏర్పాటు చేయాలని చెప్పింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రయాణ భత్యం, వసతి, వైద్యం గురించి మాట్లాడింది. ఈ చట్టాలను తనలో కలుపుకొని 2020లో రూపుదిద్దుకున్న వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి కూడా ప్రధానంగా పనిస్థలం చుట్టూనే తిరుగుతుంది. రాజ్యాంగం మాత్రం ఒక అడుగు ముందుకు వేసింది. రాజ్యం పాటించవలసిన ఆదేశిక సూత్రాలలో 43వ అధికరణం జీవన వేతనం గురించి చెబుతూ అక్కడే ఆగక, కార్మికులు తీరికను, సామాజిక సాంస్కృతిక అవకాశాలను పూర్తిగా అనుభవించగల పరిస్థితులు కల్పించడానికి ప్రయత్నించాలని రాజ్యానికి నిర్దేశించింది. 29వ అధికరణం తమకంటూ భాష, లిపి, సంస్కృతి ఉన్న పౌరులు దేశంలో ఎక్కడ నివసిస్తున్నా వాటిని కాపాడుకునే హక్కు వారికి ఇచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే పోతిరెడ్డిపల్లిలోని వరుస గదుల వైపు వేలు చూపినట్టే ఉంటుంది.

తీరిక అన్నంత మాత్రాన అది ఖాళీ సమయం అని అనుకోవడం సరికాదు. తెలుగులో ‘కాలక్షేపం’ అన్న మాటను ఇప్పుడు పొద్దుపుచ్చడం అన్న అర్థంలో తేలిగ్గా వాడుతున్నాము గాని, హరికథా కాలక్షేపం అన్నప్పుడు అది కాలాన్ని సార్థకం చేసుకోవడం. ‘వ్యాపకం’ అంటే మనసంతా వ్యాపించేది; చేసేవారికి దాని మీద ఆదాయం ఉండదు, అయినా అది లేకపోతే రోజు వెలితిగా ఉంటుంది. ఈ అర్థంలో ఇక్కడి ప్రవాసులలో వ్యాపకం లేనివారు అరుదు. భోజ్‌పురీ ప్రాంతాలవారికి ఢోలక్, తాళాలు ఉంటే ఫాల్గుణ మాసం వచ్చేస్తుంది. వంట మీద మక్కువ ఉన్నవారు ఆదివారం నాడు వేయించిన శనగల పిండి, అంటే సత్తు, లోపల కూరి గోధుమపిండి ఉండలను నిప్పుల మీద కాల్చి లిట్టీ చేస్తారు, అది నలుగురు చేరితే తప్ప జరగని వంట. కొందరు బొమ్మలు గీస్తారు, కొందరు పాటలు కట్టి ఫోనులో రికార్డు చేసి ఊరికి పంపుతారు. ఫోను వారిని పాడుచేస్తున్నదని తేలికగా అనేవారు ఒకటి గమనించాలి. మరే చోటూ లేని మనిషికి అరచేతిలో ఇమిడే ఆ తెర ఒక్కటే పాడుకునే వేదిక, గీసుకునే గోడ.

గోడ అన్న మాట వచ్చింది గనుక ఒక దృశ్యాన్ని కొంచెం దగ్గరగా చూడవలసి ఉంటుంది. మార్గశిర మాసంలో ప్రతి గురువారం ఒడియా గృహిణులు ‘మాణబసా’ అనే లక్ష్మీపూజ చేస్తారు. ‘మాణ’ అంటే ధాన్యం కొలిచే పాత్ర, మన మానిక వంటిది. దానినిండా కొత్త వడ్లు పోసి లక్ష్మిగా నిలుపుతారు. ముందురోజు బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలలా జారే పిండి చేసుకుంటారు. ఉంగరపు వేలిని ఆ పిండిలో ముంచి, వేలి కొనతోనే వరి కంకులు, తామరలు, గడప నుంచి ధాన్యపు గది దాకా నడిచివెళ్లే బుల్లి పాదాలు గీస్తారు. దీనికి ‘ఝోటి’ అని పేరు. సొంత ఊళ్లో ఆ కంకులు మట్టి గోడంతా అల్లుకుంటాయి. కిరాయి గదిలో గోడ ముట్టుకోవడానికి వీలుండదు, ఎందుకంటే గది ఖాళీ చేసే రోజున సున్నం ఖర్చు అడ్వాన్సులోంచి మినహాయించుకుంటారు. కాబట్టి బొమ్మ సిమెంటు నేల మీదికి దిగుతుంది, గడప పక్కన రెండు జానల మేర సరిపెట్టుకుంటుంది. ధాన్యపు గది లేదు గనుక లక్ష్మి పాదాలు మూలనున్న బియ్యం సంచి దగ్గర ఆగుతాయి. షిఫ్టు మారే వేళకు వసారాలో నడిచే చెప్పుల కింద కంకులు చెరిగిపోతాయి.

అదే వసారా చివర, గది యజమాని ఇంటి ముందు, కొద్ది రోజుల తేడాతో ధనుర్మాసపు ముగ్గులు మొదలవుతాయి. ఇక్కడ పిండి పొడిగా ఉంటుంది. కల్లాపి చల్లిన నేల మీద ముందు చుక్కలు లెక్కపెట్టి పెడతారు, ఆపైన బొటనవేలు చూపుడువేలు మధ్య నుంచి ముగ్గును సన్నని ధారగా వదులుతారు. అక్కడ తడి, ఇక్కడ పొడి. అక్కడ కంకి, ఇక్కడ చుక్క. మిథిల ప్రాంతపు ఆడపడుచులు నేల మీద గీసే ‘అరిపన్’ కూడా తడి బియ్యపు పిండితోనే, దాని మీద సిందూరపు బొట్లు పెడతారు. దీపావళి అయిన ఆరో నాడు వచ్చే ఛఠ్ పండుగకు బీహారీ కుటుంబాలు చెరువులో మోకాలిలోతు నీళ్లలో నిలబడి అస్తమించే సూర్యునికి, మరునాడు ఉదయించే సూర్యునికి అర్ఘ్యమిస్తారు. పండ్లు, బెల్లం కలిపిన గోధుమపిండితో నేతిలో వేయించిన ఠేకువాలు పెట్టి ఎత్తేది వెదురు చాట, మన మేదరులు అల్లేటటువంటి చాటే. బతుకమ్మను చెరువులో సాగనంపే ఊరికి ఆ పండుగ పరాయిది కావలసిన అవసరం లేదు. ఇరుగుపొరుగున ఇంత పోలిక ఉన్న రెండు చేతిపనులు ఒకరినొకరు పేరు పెట్టి పలకరించుకోవడానికి ఊరిలో ఒక్క చోటు లేకపోవడం ఈ ప్రాంతం చేజేతులా పోగొట్టుకుంటున్న సంపద.

సంపద అన్న మాట అతిశయోక్తి కాదు. 1966-67లో బీహారులో తీవ్రమైన కరువు వచ్చినప్పుడు అఖిల భారత హస్తకళల మండలి తరఫున భాస్కర్ కులకర్ణి అనే చిత్రకారుడు మధుబని ప్రాంతపు గ్రామాలకు వెళ్లి, పెళ్లి గదుల గోడల మీద బొమ్మలు గీసే స్త్రీల చేతికి కాగితం ఇచ్చాడు. అంతవరకు ఇంటి పనిలో భాగంగా ఉన్న విద్య కళగా లోకానికి తెలిసింది అప్పుడే. వారిలో గంగాదేవి అనే చిత్రకారిణి 1985లో అమెరికాలో జరిగిన భారత ఉత్సవాలకు వెళ్లి, అక్కడ చూసిన ఎత్తైన కట్టడాలను, జాతరలోని రోలర్ కోస్టర్‌ను తన మిథిల గీతలోనే గీసింది. పరదేశంలో తిరిగిన మనిషి తన చేతికి తెలిసిన గీతతోనే ఆ దేశాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆమె చేతికి ఎవరో కాగితం ఇచ్చారు, ఎక్కడో కూర్చోవడానికి చోటు ఇచ్చారు. ఇంకొకరు భిఖారీ ఠాకూర్. 1887లో సారణ్ జిల్లాలో మంగలి కుటుంబంలో పుట్టి, బతుకుతెరువు కోసం ఖరగ్‌పూర్ వెళ్లి, తిరిగివచ్చి నాటక బృందం కట్టిన ఆయన రాసిన ‘బిదేసియా’ భోజ్‌పురీ నాటక రంగానికే పేరుగా మారిపోయింది. బిదేసియా అంటే పరదేశం పోయినవాడు, అంటే ప్రవాసి. రైల్వే పనుల కోసం వెళ్లిన తెలుగువారు ఆ ఖరగ్‌పూర్‌లోనే తరతరాలుగా ఇళ్లు కట్టుకుని ఉన్నారన్న సంగతి ఇక్కడ గుర్తుచేయడం అప్రస్తుతం కాదు. ఈ రోజు ఇస్నాపూర్ గదుల్లో ఏ భిఖారీ ఠాకూర్ షిఫ్టుకు లేవలేక లేస్తున్నాడో ఎవరికి తెలుసు?

ఈ ప్రవాసులను జిల్లా గట్టిగా చూసిన సందర్భాలు రెండు, రెండూ దుఃఖకరమైనవే. 2020 లాక్‌డౌన్‌లో కందిలోని ఐఐటీ నిర్మాణ స్థలంలో చిక్కుకుపోయిన కార్మికులు ఇంటికి పంపమని ఆందోళన చేసిన తరువాత, మే 1వ తేదీ తెల్లవారుజామున లింగంపల్లి స్టేషను నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో దేశంలోనే మొదటి శ్రామిక రైలు కదిలింది. ఎనిమిది గంటల పని కోసం పుట్టిన మే దినం నాడే అది కదిలింది. 2025 జూన్ 30న పాశమైలారం పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా మరణించినప్పుడు, వారిలో ఎంతోమంది ఎవరో డీఎన్‌ఏ పరీక్షల తరువాత గాని తేలలేదు. బతికి ఉండగా వారి ఊరి పేరు అడిగి తెలుసుకునే వీలు ఈ ప్రాంతంలో ఎక్కడ ఉండింది? ఒక గ్రంథాలయంలో సభ్యత్వ పుస్తకం ఉంటుంది. అందులో మనిషి పేరు, ఊరు, ఇష్టమైన పుస్తకం నమోదవుతాయి. చిన్న విషయంలా కనబడే ఈ నమోదుకు ఉన్న విలువ ఆ జూలై నెలలో పటాన్‌చెరు ఆసుపత్రి ఆవరణలో ఫొటోలు పట్టుకుని నిలబడిన కుటుంబాలను చూసినవారికి తెలుస్తుంది.

గ్రంథాలయం పేరు ఇక్కడ ఎత్తడానికి చారిత్రక కారణం ఉన్నది. నిజాం పాలనలో పాలనా భాష ఉర్దూ; జనంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు బడిలోను, కచేరీలోను చోటు లేదు. 1921 నవంబరులో హైదరాబాదులో మహర్షి కార్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గేలి చేశారు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జన సంఘం, ఆపైన ఆంధ్ర మహాసభ పుట్టాయి. సొంత నేల మీదే పరాయివాడైన తెలుగువాడు అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1901 సెప్టెంబరు 1న, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం నెలకొల్పి, చదువుకోవడానికి ఒక గది సంపాదించుకున్నాడు. నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగినది ఎక్కడో కాదు, నేడు ఈ జిల్లాలోనే ఉన్న జోగిపేటలో. అదే దశకంలో, 1935లో, పాతూరి నాగభూషణం కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టి పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య తిరిగే గ్రంథాలయం నడిపారు. పాఠకులు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే వారున్న చోటికి వెళ్లాలన్న ఆలోచన ఆయనది. భాషకు చోటు లేని ఊళ్లో ఒక గది ఏమి చేయగలదో తెలంగాణకు ఎవరూ బోధించనక్కర లేదు.

తెలుగువారు తామే ప్రవాసులుగా వెళ్లిన చోట్ల పొందినది కూడా తలచుకోవలసిందే. పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవు నుంచి ఓడలెక్కి మారిషస్ చెరుకు తోటలకు కూలీలుగా వెళ్లినవారిని అక్కడ ‘కోరంగి’లనే పిలిచారు, నేడు ఆ దేశంలో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. ముంబయిలోని కామాటిపురా పేరులో తెలంగాణ నుంచి వెళ్లిన భవన నిర్మాణ కార్మికుల పేరు నిలిచి ఉంది. దుబాయిలో సోనాపూర్ అని కార్మికులు పిలుచుకునే క్యాంపులలో రెండంతస్తుల మంచాల మధ్య కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల యువకులు గడిపే సెలవు రోజుల సంగతి ఈ రాష్ట్రంలో ఎన్నో ఇళ్లలో తెలుసు. అక్కడ తన కొడుక్కి ఒక మంచి సాయంత్రం దొరకాలని కోరుకునే తల్లి ఇక్కడ తన వరుస గదిలోని పరాయి కొడుక్కి అది దక్కకూడదని ఎందుకు కోరుకుంటుంది?

ఒక అభ్యంతరం తప్పక వస్తుంది, అది న్యాయమైనదే. స్థానిక యువతకే గ్రంథాలయాలలో కుర్చీలు చాలడం లేదు. పోటీ పరీక్షలకు చదివేవారు పొద్దున్నే వచ్చి సంచి పెట్టి చోటు ఆపుకునే పరిస్థితి రాష్ట్రమంతటా ఉంది. వారి కుర్చీ తీసి మరొకరికి ఇవ్వాలని ఈ లేఖ కోరడం లేదు. పరీక్షలకు చదివేవారికి పగలు కావాలి, షిఫ్టు దిగినవారికి రాత్రి కావాలి. ఒకే గదిని రెండు పూటలు వాడుకోవచ్చు.

ఇక నిధి విషయం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం స్థానిక సంస్థలు వసూలు చేసే ఆస్తి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు, అంటే గ్రంథాలయాల కోసమే వేసే అదనపు పన్ను, జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. వరుస గదుల యజమాని కట్టే ఆస్తి పన్ను కిరాయిలో కలిసే ఉంటుంది. ఆ కిరాయి కట్టేది ప్రవాసి. కర్మాగారాల కట్టడాల మీద వచ్చే పన్ను వెనుక ఉన్నది కూడా అతని శ్రమే. కాబట్టి తనకు తెలియకుండానే అతడు ఈ జిల్లా గ్రంథాలయాలకు చందాదారు. చందా కట్టి కూడా లోపలికి అడుగుపెట్టని చందాదారు ఇతడే. స్థానిక సంస్థల నుంచి ఆ సెస్సు పూర్తిగా, సకాలంలో గ్రంథాలయ సంస్థకు అందేలా చూడగలవారు కలెక్టరు గారు; అందిన దానిని ఎక్కడ ఖర్చు చేయాలో తేల్చగలవారు అధ్యక్షుల వారు. ఇద్దరినీ ఒకే లేఖలో సంబోధించడానికి కారణం అదే.

అందుచేత పోతిరెడ్డిపల్లి చౌరస్తాకు నడిచి వెళ్లగల దూరంలో ఒక శాఖా గ్రంథాలయాన్ని, మొదట ఒక్క పెద్ద గదితోనైనా సరే, ఏర్పాటు చేయవలసిందిగా కోరడమైనది. అందులో తెలుగు పుస్తకాలతో పాటు హిందీ, ఒడియా, బెంగాలీ పుస్తకాలు, పత్రికలు ఒక అలమరాలో ఉండాలి. సంగారెడ్డి పట్టణంలో అవి దొరకడం కష్టమైతే ఆయా రాష్ట్రాల గ్రంథాలయ శాఖలను అడగవచ్చు. ఒక మూల ఢోలక్, హార్మోనియం ఉండాలి. వారానికి రెండు రోజులు వాడుక తెలుగు నేర్పించాలి, ఎందుకంటే ఆసుపత్రిలో నొప్పి ఎక్కడుందో చెప్పలేకపోవడం, బస్సులో చిల్లర అడగలేకపోవడం రోజూ ఎదురయ్యే అవమానాలు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ గదిలో ఒక గోడను ఖాళీగా, సున్నం వేసి, ఎవరైనా గీసుకోవడానికి వదలాలి. మార్గశిరంలో అక్కడ ఒడియా కంకులు, పక్కన తెలుగు చుక్కలు ఉండవచ్చు; ఏడాదికోసారి మళ్లీ సున్నం కొట్టడానికి అయ్యే ఖర్చు ఎవరి అడ్వాన్సులోంచీ మినహాయించనక్కర లేదు.

ప్రయాణం గురించి ఒక మాట. వందల మైళ్లు దాటి వచ్చిన ఈ ప్రవాసులకు గదికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఏముందో తెలియదు. వారు చేసిన ప్రయాణమంతా పని కోసం చేసినదే. కొండాపూర్‌లోని కోటగడ్డ దిబ్బలో 1940ల దశకంలో జరిగిన తవ్వకాలలో ఎన్నో శాతవాహన నాణేలు, మట్టి బొమ్మలు, పూసలు బయటపడ్డాయి. వాటి మధ్య రోమను చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా దొరికింది. రెండు వేల ఏళ్ల కిందట ఈ నేల మీద సముద్రాల అవతలి మనుషుల సొమ్ము చెలామణి అయిందని, ఇక్కడి కుమ్మరి, కమ్మరి, పూసలు చేసేవారు దూరదేశాలకు సరుకు అందించారని అక్కడి మ్యూజియం గాజు పెట్టెలలో కనబడుతుంది. కల్పగూరు దగ్గర మంజీర నది మీద 1978 నుంచి అభయారణ్యంగా ఉన్న జలాశయంలో మొసళ్లు, శీతకాలపు పక్షులు ఉన్నాయి. హైదరాబాదు తాగునీటిలో కొంత అక్కడిదే. 1796 నాటి సంగారెడ్డి పాత జైలు మ్యూజియంగా మారింది. పురావస్తు శాఖ మ్యూజియాలకు సెలవు శుక్రవారం, ప్రవాసులలో ఎక్కువమందికి సెలవు ఆదివారం. నెలకు ఒక ఆదివారం ఒక ఆర్టీసీ బస్సు ఆ గ్రంథాలయం ముందు నుంచి బయలుదేరి, స్థానిక విద్యార్థులు, ప్రవాసులు కలిసి ఎక్కి, సాయంత్రానికి తిరిగి వస్తే చాలు. తిరిగివచ్చాక చూసినది గీయాలనిపించినవారికి గోడ ఉంటుంది, రాయాలనిపించినవారికి కాగితం ఉంటుంది.

ఈ లేఖ ఏ కొత్త చట్టాన్నీ, ఏ కొత్త పథకాన్నీ కోరడం లేదు. ఉన్న సంస్థ, ఉన్న సెస్సు, ఉన్న గదులలో ఒకటి చాలు. వేళల విషయంలో మాత్రం ఒక్క మినహాయింపు అవసరం. ఓవర్‌టైమ్ కలుపుకొని పన్నెండు గంటల షిఫ్టు దిగినవారు రాత్రి తొమ్మిదికి గాని చౌరస్తాలో బస్సు దిగరు. కనుక ఆ గది తలుపులు రాత్రి పదిన్నర వరకు తెరిచి ఉంచేలా ఉత్తర్వులు ఇవ్వవలసిందిగా తమకు సవినయంగా మనవి.